ఫోటోల పంపకంలో తెంపిన లైను

2018 జూన్‌లో నన్ను బాన్సువాడ టెలిఫోన్ సబ్‌డివిజన్‌కు సబ్ డివిజనల్ ఇంజనీర్‌గా బదిలీ చేశారు. హోదా వినడానికి ఘనంగానే ఉంటుంది. నా కింద ఒక జూనియర్ ఇంజనీరు, చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతమంది ఫోన్ మెకానిక్‌లు, వానొస్తే బకెట్లు పెట్టుకోవాల్సిన ఒక ఎక్స్ఛేంజి భవనం ఉండేవి. కోటగిరి, జుక్కల్, పెద్ద కొడప్‌గల్ వైపు చిన్న ఎక్స్ఛేంజీలు కూడా మా లెక్కలోవే. అక్కడ మనిషి ఉండడు. తాళం ఉంటుంది, తాళంచెవి ఫోన్ మెకానిక్ నడుముకు ఉంటుంది.

మా పని తెలియనివారికి ఒక మాట చెప్పాలి. ఖాతాదారు ఫిర్యాదు చేస్తే దానికి ఒక నంబరు పడుతుంది, దాన్ని డాకెట్ అంటాం. లోపం మూడు చోట్ల ఉండవచ్చు. ఎక్స్ఛేంజిలోనైనా, దారిలోని కేబుల్లోనైనా, లేదంటే ఖాతాదారు ఇంట్లోనైనా. మొదటి రెండూ మా తప్పు. మూడోది ఖాతాదారు తప్పు. అయితే నా సర్వీసు మొత్తంలో ఆ మూడోదాన్ని ఒప్పుకున్న ఖాతాదారును నేను చూడలేదు. ఎలుక ఇంట్లోనే వైరు కొరికినా, ఆ ఎలుకను టెలిఫోన్ శాఖే పంపినట్టు మాట్లాడతారు.

ఆ ఏడు నాట్లు జోరుగా పడుతున్న రోజుల్లో ఇద్దరు అన్నదమ్ములు నా గదికి వచ్చారు. పెద్దాయన గంగారెడ్డికి ఎరువుల దుకాణం. చిన్నాయన సాయిరెడ్డికి ట్రాక్టర్ స్పేర్ పార్టుల షాపు. ఇద్దరూ ఒకే ఆవరణలో ఉంటారు, కానీ రెండు మోటార్ సైకిళ్ల మీద వచ్చారు. నా ముందున్న మూడు కుర్చీల్లో మధ్యది ఖాళీగా వదిలి ఆ చివరొకరు, ఈ చివరొకరు కూర్చున్నారు. అన్నదమ్ముల మధ్య ఖాళీ కుర్చీ కనిపిస్తే అది పంపకాల కేసని చెప్పడానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు.

"మీ లైను మా ఫోటోలు గుంజుకపోయింది మేడం" అన్నాడు గంగారెడ్డి.

"అన్న చెప్పింది నిజమే" అన్నాడు సాయిరెడ్డి. తర్వాత తెలిసింది, పంపకాలు మొదలయ్యాక అన్న మాటను తమ్ముడు నిజమే అనడం అదే మొదటిసారని.

లైను మాటలు తీసుకుపోతుంది గానీ ఫోటోలు మింగదని చెప్పాను. ఇద్దరూ నన్ను జాలిగా చూశారు. సరే, మొదటినుంచి చెప్పమన్నాను. ఒకరు చెబుతుంటే ఇంకొకరు దిద్దుతూ, గంటసేపటికి అసలు సంగతి బయటపడింది.

వాళ్ల చెల్లెలిని కోటగిరిలో ఇచ్చారు. ఆమె భర్త విఠల్‌రెడ్డి బడిపంతులు. కంప్యూటరంటే ప్రాణం పెట్టే రకం. ఈ రెండిళ్లవాళ్లూ బావ అని పిలుచుకునే ఆయనే కొన్నేళ్ల కిందట ఇంటిల్లిపాది ఫోటోలనూ ఒకచోట చేర్చే ఏర్పాటు చేశాడు. అన్న ఇంట్లో ఒక కంప్యూటర్, తమ్ముడి ఇంట్లో ఒకటి, కోటగిరిలో తనది ఒకటి. మూడింట్లోనూ ఒకే పేరుతో ఒక ఫోల్డరు. ఎవరు ఏ ఫోటో వేసినా ఇంటర్నెట్ దారిలో మిగతా రెండుచోట్లకూ దానంతటదే చేరుతుంది. మధ్యలో ఎక్కడా ఇంకో ప్రతి ఉండదు, కంప్యూటర్ నుంచి నేరుగా కంప్యూటర్‌కే. దానికి బావ పెట్టిన పేరు 'ఇంటి తిజోరీ'. పుట్టువెంట్రుకలు, లగ్గాలు, కొత్త ట్రాక్టరుకు పూజ, ఈనిన బర్రె, అన్నీ అందులోనే.

వాళ్ల బాపు కాలం చేశాక పంపకాలు వచ్చాయి. పెద్దమనుషులు కూర్చుని పొలం పంచారు, కొట్టం పంచారు, ఆవరణ మధ్యలో గోడ పెట్టించారు. అంతా అయిపోయి చాయ్ తాగుతుండగా ఎవరో, మరి తిజోరీ సంగతేంది అన్నారట. తిజోరీ అనగానే నగల ఇనప్పెట్టె అనుకుని పెద్దమనుషులు గ్లాసులు కింద పెట్టి మళ్లీ కూర్చున్నారు. అది ఫోటోలదని తెలిశాక కొంచెం చప్పబడినా, కూర్చున్నాక లేవడం మర్యాద కాదు గనక తీర్పు చెప్పారు. ఎవరి బొమ్మ ఉన్న ఫోటో వాళ్లది. ఇద్దరూ ఉంటే పొలానికి గట్టు వేసినట్టు నడిమికి కోసుకోవాలి. పంపకమైనాక ఎదుటివాడి పాలు మన ఇంట్లో ఉంచుకోకూడదు.

ఆ చివరి మాటే కొంప ముంచింది. ఈ వైపు రైతు కుటుంబాల్లో పంపకం తర్వాత అన్న పగ్గం తమ్ముడి కొట్టంలో దొరికితే పరువు పోయినట్టు లెక్క. ఇద్దరూ అంతకు అంత అభిమానస్తులు. ఒకే ఆదివారం ఇద్దరూ ఎవరి కంప్యూటర్ ముందు వాళ్లు కూర్చుని, ఎదుటివాడి సొత్తు గడ్డిపోచంత కూడా తన దగ్గర మిగలకుండా నిజాయితీగా తుడిచిపెట్టారు. తుడిచినవి చేరే కంప్యూటర్ చెత్తబుట్టలో ఉంచుకున్నా ఉంచుకున్నట్టేనని సాయిరెడ్డి దాన్ని కూడా ఖాళీ చేశాడు. అన్నకు ఆ సంగతి తెలిసి, తానేం తక్కువా అని ఆయనా ఖాళీ చేశాడు.

నాకు నవ్వు ఆగలేదు. పైట కొంగు అడ్డం పెట్టుకుని దగ్గినట్టు నటించాను. నా సర్వీసులో కేబులు దొంగలను చూశాను. ఇంత నిజాయితీతో ఇంత నష్టం చేసుకున్నవాళ్లను మాత్రం చూడలేదు.

నవ్వు ఆగాక చెప్పాను. ఆ ఏర్పాటులో ఒకచోట వేసింది అన్నిచోట్లకూ చేరినట్టే, ఒకచోట తుడిచింది అన్నిచోట్లా తుడుచుకుపోతుంది. తమ్ముడి ఫోటోలను అన్న తుడిస్తే తమ్ముడి ఇంట్లోనూ పోయాయి. అన్నవి తమ్ముడు తుడిస్తే అన్న ఇంట్లోనూ పోయాయి. ఇక మిగిలినవల్లా ఇద్దరూ లేని ఫోటోలు.

"గవేమున్నయ్ మేడం, బర్రె ఉన్నది, ట్రాక్టరున్నది" అన్నాడు గంగారెడ్డి.

"మా బావ బొటనవేలు కూడ ఉన్నది. తియ్యబోయి తనదే తీసుకున్నడు" అన్నాడు సాయిరెడ్డి.

ఇక్కడి దాకా నాకు తమాషాగానే ఉంది. ఇంటి లోపలి లోపం, మా శాఖకు సంబంధం లేదు అని రాసి పంపించేసేదాన్నే. అప్పుడు గంగారెడ్డి గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. వచ్చే వారమే వాళ్ల బాపు సంవత్సరికం. ఆయన జన్మలో కెమెరా ముందు నవ్వినవాడు కాదు. ఏ కార్డు మీద చూసినా జామీను దొరకనివాడిలా ఉంటాడు. ఒక్క ఫోటోలోనే నవ్వాడు. వాళ్లమ్మ రాజవ్వ, సంవత్సరికానికి ఆ నవ్వే ఫోటోనే పెద్దగా చేయించి పెట్టాలని, అదొక్కటే అడిగింది. పొలంలో గానీ సొమ్ములో గానీ ఆమె ఏమీ అడగలేదట. ఆ ఫోటో పోయిందని ఆమెకు ఇంకా చెప్పలేదు. నిజామాబాద్‌లో కడగడానికి ఇచ్చామని చెబుతూ రోజులు నెడుతున్నారు.

నాకు చిరాకు వచ్చింది. ఎవరి మీదో తెలియని చిరాకు. జీపు తీయమన్నాను.

వాళ్ల ఇంటికి వెళ్తే ఆవరణ మధ్యలో గోడ ఇంకా పచ్చిగానే ఉంది. రాజవ్వ అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నన్ను చూసి, ఫోటో స్టూడియో నుంచి వచ్చాననుకుంది. "కడగనీకె గిన్ని దినాలా బిడ్డా? బొంతలు ఉతికినా గీపాటికి ఎండిపోతుండె" అంది. కొడుకులిద్దరూ చెప్పుల వైపు చూసుకున్నారు. నేను ఏదో గొణిగి లోపలికి నడిచాను.

అన్న కంప్యూటర్ తెరిచి చూస్తే ఆ నవ్వే ఫోటో పూర్తిగా పోలేదు. అయితే ఉన్నది ఉన్నట్టు లేదు. ఒకప్పుడు అందులో బాపు మధ్యలో, కొడుకులు చెరోపక్క ఉండేవారట. అన్న తీర్పు ప్రకారం తమ్ముడున్న కుడిపక్కను కోశాడు. ఆ కోసిందే తమ్ముడి కంప్యూటర్‌కూ చేరింది. తమ్ముడు అది చూసి, ఇందులో అన్న ఉన్నాడు గదా అని ఎడమపక్కను కోశాడు. మిగిలింది పొట్లకాయలా పొడుగ్గా, సన్నగా ఒక ముక్క. అందులో ముసలాయన ఒక్కడే నవ్వుతున్నాడు.

"ఇది చాలు గద మేడం?" అన్నాడు సాయిరెడ్డి ఆశగా. చాలదని ఆయనకూ తెలుసు. ఇక పెళ్లిళ్లూ పుట్టుకలూ అయితే పొట్లకాయంత కూడా మిగలలేదు.

అప్పుడు నేను అడగాల్సిన ప్రశ్న అడిగాను. మూడో కంప్యూటర్ సంగతేమిటని.

కోటగిరిలో ఇంటికి సున్నాలు వేస్తున్నారట. బావ తన కంప్యూటర్‌ను దుప్పట్లో మూటగట్టి అటక మీద పెట్టాడు. ఆ ఆదివారం అది నడవడం లేదు. అంటే తుడిచిన వార్త దానికి ఇంకా చేరలేదు. ఫోటోలన్నీ అందులో చెక్కుచెదరకుండా ఉంటాయన్నాను. కానీ అది ఇంటర్నెట్‌కు తగిలిన మరుక్షణం ఇక్కడ జరిగిందంతా అక్కడా జరిగిపోతుందని చెప్పబోయాను.

"మంచిదే గద మేడం! బావకు పొద్దుగాలనే ఫోన్ చేసినం. సున్నం అయిపోయిందట. కిందికి దించి ఆన్ చేసి చూస్తనన్నడు" అన్నాడు గంగారెడ్డి సంతోషంగా.

వెంటనే విఠల్‌రెడ్డికి ఫోన్ చేయించి మాట్లాడాను. కంప్యూటర్ ఆన్ చేయవద్దనీ, చేసినా లైను తగిలించవద్దనీ చెప్పాను. ఆయన శాంతంగా విన్నాడు. బడిపంతులు కదా, తప్పు చెప్పిన పిల్లను దిద్దే గొంతుతో జవాబిచ్చాడు.

"మేడం, దాన్ని పెట్టిందే నేను. నిండు చెరువు నుంచి ఖాళీ చెరువుకు నీళ్లు పోతయ్ గని, ఖాళీ దాంట్లకెళ్లి నిండు దాంట్లకు పోతయా? నా దగ్గర నిండుగున్నయ్. ఆన్ చేస్తే వాళ్లకు పోయి నిండుతయ్. జర ఫికర్ చెయ్యకుండ్రి."

కాలువ కింద పుట్టి పెరిగినవాడికి అది తిరుగులేని తర్కమే. కానీ ఆ ఏర్పాటు ఎక్కువ తక్కువలు చూడదు. చివరగా ఎవరు ఏం చేశారో చూస్తుంది. చివరగా జరిగింది తుడవడం. ఇది చెప్పబోతుంటే, మానిటర్ తగిలిస్తున్నాననీ తర్వాత మాట్లాడతాననీ ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. వైర్ల పనిలో ఉన్న మగవాడు ఫోన్ ఎత్తడని మా ఇంట్లో కూడా అనుభవమే.

ఇక మిగిలింది మా దారి. పద్ధతి ప్రకారం బాగున్న లైనును ఆపాలంటే ఖాతాదారు రాతపూర్వకంగా అడగాలి, లేదా హైదరాబాద్ కేంద్రానికి రాసి అక్కడినుంచి ఆపించాలి. అక్కడినుంచి జవాబు వచ్చేలోగా ఈ మూడిళ్లలో మనవలు కూడా పెళ్లికి ఎదుగుతారు. మూడో మార్గం ఒకటుంది. ఎక్స్ఛేంజిలో ఊరి లైన్లన్నీ వచ్చి కలిసే ఒక ఇనుప చట్రం ఉంటుంది, దాన్ని ఎమ్‌డీఎఫ్ అంటాం. పరీక్ష కోసం ఏ లైనునైనా అక్కడ విడదీసే అధికారం ఇంజనీరుకు ఉంది. అదృష్టం కొద్దీ ఫోన్ మెకానిక్ నర్సింలు ఆ పూట కోటగిరి ఎక్స్ఛేంజిలోనే బ్యాటరీలకు నీళ్లు పోస్తున్నాడు.

అతనికి ఫోన్ చేసి, విఠల్‌రెడ్డి లైను తీసెయ్ అన్నాను.

"మేడం, గా లైను మంచిగనే ఉన్నది" అన్నాడు.

మంచిగా ఉంది కాబట్టే తీసేయమన్నాను.

"మేడం, ఖరాబైన లైను బాగు చేస్తే నాకు తెలుసు. మంచి లైను ఖరాబు చెయ్యనీకె నాకు చేతులొస్తలేవు. పంతులు ఊకునే మనిషి కాదు, నా మీద పైకి రాస్తడు."

మామూలుగా నాకు కింది ఉద్యోగుల మీద అరిచే అలవాటు లేదు. ఆ రోజు అరిచాను. నా పక్కనున్న గంగారెడ్డి కూడా అరిచాడు, ఆయన వెనక సాయిరెడ్డి అరిచాడు. ముగ్గురం ఒక్క ఫోన్‌లోకి అరిచేసరికి నర్సింలు భయపడి లైను ఊడదీశాడు. అన్నదమ్ములు ఇద్దరూ ఒకే మాట మీద నిలబడి ఒకే ఫోన్ పట్టుకుని ఉన్నారని గమనించింది నేనొక్కదాన్నే.

జీపులో కోటగిరి దారి పట్టాం. ఈసారి ఇద్దరూ వెనక సీట్లో పక్కపక్కన కూర్చోవాల్సి వచ్చింది, ఎందుకంటే మిగతా సగంలో మా కేబులు చుట్ట ఉంది. దారిలో ఉండగానే నా ఫోన్‌కు సందేశం వచ్చింది. కోటగిరి ఖాతాదారు విఠల్‌రెడ్డి, ఇంటర్నెట్ పనిచేయడం లేదు, డాకెట్ నమోదైంది. నా మీద నాకే వచ్చిన ఫిర్యాదు. అంత హాయినిచ్చిన ఫిర్యాదు నా సర్వీసులో మరొకటి రాలేదు. లైను తగిలించాడు, కానీ అవతల ఏమీ లేదన్నమాట.

మేము వెళ్లేసరికి విఠల్‌రెడ్డి మోడెమ్‌ను తలకిందులు చేసి తడుతున్నాడు. నేను నోరు తెరవకముందే, మీ శాఖ ఎప్పుడూ ఇంతే అని మొదలుపెట్టాడు. నేను మోడెమ్ వైరు పీకి చేతిలో పెట్టుకుని, ఇప్పుడు ఫోల్డర్ తెరవమన్నాను. తెరిచాడు. బర్రె, ట్రాక్టరు, బొటనవేలు, వాటి వెనక పెళ్లిళ్లు, పిల్లలు, నాట్లు, అన్నీ ఉన్నాయి. అన్నదమ్ములిద్దరూ ఆ చిన్న తెర మీదికి వంగి, తలకు తల తగులుతున్నా పట్టించుకోకుండా చూశారు. "గీడు నువ్వే గదనె అన్నా, చెడ్డీ లేకుంట" అన్నాడు సాయిరెడ్డి. "నోర్ముయ్‌రా" అన్నాడు గంగారెడ్డి. చాలా నెలల తర్వాత వాళ్ల మధ్య నడిచిన సొంత సంభాషణ అదేనని వాళ్ల చెల్లెలు వంటింట్లోంచి చెప్పి కళ్లు తుడుచుకుంది. నేను కిటికీ దగ్గరికి జరిగాను. సున్నం వాసన పడలేదన్నాను.

ఆ తిజోరీ ఏర్పాటును ముందు మూడుచోట్లా ఆపించాను. తర్వాత విడిగా ఒక హార్డ్ డిస్కులోకి అంతా ఎక్కించి, ఇద్దరికీ పూర్తి ప్రతి ఒక్కొక్కటి ఇవ్వమని చెప్పాను. అక్కడ కొత్త తగాదా మొదలైంది. ఇద్దరికీ పూర్తిగా ఎలా ఇస్తారు, ఒకరికి పూర్తిగా ఇస్తే రెండోవాడికి ఏం మిగులుతుంది అని. ఇద్దరికీ అన్నీ మిగులుతాయని ఎంత చెప్పినా నమ్మరు. వాళ్లు పుట్టినప్పటినుంచీ చూసిన సొత్తులో అలాంటిది లేదు పాపం. "అన్నకు ఏమన్న ఎక్కువొచ్చినయా మేడం?" అని సాయిరెడ్డి నన్ను చాటుగా అడిగాడు. కాసేపటికి గంగారెడ్డి కూడా వచ్చి తమ్ముడి గురించి అదే అడిగాడు. ఇద్దరికీ ఒకే జవాబు చెప్పాను, ఇద్దరూ కొంచెం నిరాశపడ్డారు.

సంవత్సరికానికి ముందురోజు నన్ను పిలిచారు. పెద్దగా అచ్చు వేయించిన రెండు ఫోటోలు అరుగు మీద ఉన్నాయి. ఒకటి ముగ్గురూ ఉన్న అసలు ఫోటో. నాటు మడిలో ముసలాయన కాలు జారితే కొడుకులిద్దరూ చెరోపక్క పట్టుకున్నారు, ఆయన నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. రెండోది దానిలోంచే స్టూడియోవాడితో తీయించిన బాపు ఒక్కడి ఫోటో. బతికున్నవాళ్ల ఫోటోకు దండ వేయకూడదని పురోహితుడు చెప్పాడట. అందుకని ఒక్కడిదే పెడదామని అన్నా తమ్ముడూ తేల్చారు. పంపకాల తర్వాత ఇద్దరూ కలిసి తీసుకున్న మొదటి నిర్ణయమని నాకు గర్వంగా చూపించారు.

రాజవ్వ ఆ ఒక్కడి ఫోటోను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది. ముసలాయన రెండు భుజాల మీద రెండు చేతులు ఉన్నాయి. మణికట్టు దాకా ఉన్నాయి, ఆ పైన మనుషులు లేరు. కోయాలంటే ఆయన భుజాలు కూడా పోతాయి గనక స్టూడియోవాడు వదిలేశాడు.

"ఒరె, గీ చేతులెవరియిర?" అంది.

ఇద్దరూ ఎవరి చేతులు వాళ్లు వెనక్కి పెట్టుకున్నారు.

"మనుషులను కోసిండ్రు, చేతులు కోయనీకె రాలే? గా చేతులు పట్టుకున్నయి గనకనే నవ్విండు. లేకుంటే బురదల పడుతుండె. ఒక్కన్నే పెడితే, ఎందుకు నవ్వుతుండో ఎవనికి తెలుస్తది?" అని ఆ ఫోటో పక్కన పెట్టి, ముగ్గురూ ఉన్నదాన్ని ముందుకు జరిపింది. దండ వేయకూడదని కొడుకులు గుర్తు చేస్తే, "ఎయ్యకుండ్రి. బతికినన్ని దినాలు ఏమన్న రోజూ దండలేసినమా?" అంది. మరునాడు ఆ ఫోటోనే పెట్టారు, దండ లేకుండా.

తర్వాత నేను చేయాల్సిన పని ఒకటి మిగిలింది. కోటగిరి డాకెట్‌ను మూసేటప్పుడు లోపానికి కారణం రాయాలి. 'పరీక్ష నిమిత్తం ఎక్స్ఛేంజిలో విడదీయబడినది' అని రాశాను. దాని మీద పైనుంచి సంజాయిషీ అడిగారు, ఇచ్చాను. విఠల్‌రెడ్డి ఇప్పటికీ నిండు చెరువు వాదన వదల్లేదని విన్నాను.

ఆ సంగతి తర్వాత నా కింద పనిచేసిన ప్రతివారికీ ఒకే మాట చెబుతూ వచ్చాను. ఏదైనా పోయిందని ఫిర్యాదు వస్తే, పోయినదాన్ని వెతకడం రెండో పని. ఇంకా పోనిది ఎక్కడుందో కనుక్కుని, ముందు అక్కడికి దారి తెంపాలి. బాగున్న లైను తెంపడానికి మెకానిక్‌కు చేతులు రావు. అందుకే అక్కడ ఇంజనీరును పెడతారు.